ప్యాకెట్ మీది నంబర్లు, బండి మీది రంగులు

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి ముందు దాన్ని కుదించి చెబుతాను. తిరుపతిలో కొర్లగుంట దగ్గర ఉంటారు. పాపకు ఆరేళ్లు. మామగారికి షుగరు, బీపీ ఉన్నాయి, ఈమధ్య కిడ్నీలు కూడా కొంచెం దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. మీ ఆయనకు చిన్నప్పటి నుంచి ఆయాసం. తిండి ప్యాకెట్ల మీద రంగులు, ప్రిజర్వేటివ్‌ల లాంటివాటికి వేసే ఐఎన్ఎస్ నంబర్ల జాబితా ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. అందులో 330 అన్నిటికంటే ప్రమాదమని, క్యాన్సర్ తెస్తుందని ఉంది. ఇంట్లో ప్యాకెట్లు తిప్పి చూస్తే చాలావాటిలో 330 కనిపించి టెన్షన్ పట్టుకుంది. ఏవి మానాలి, ఏవి పరవాలేదు, వచ్చే నెల పాప పుట్టినరోజుకు కేకు చేయించవచ్చా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. ఫుడ్ టెక్నాలజీ చదివి చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ చూశాను. తర్వాత బేకరీలు, మిఠాయి కొట్లు, పచ్చళ్ల యూనిట్లు పెట్టుకునేవాళ్లకు లైసెన్సు, లేబుల్ పనుల్లో సాయం చేస్తున్నాను. అంటే ఈ నంబర్లను ప్యాకెట్ మీదికి ఎక్కించే వైపు ఉన్నవాణ్ణి. మామగారి మందులు, పథ్యం సంగతి ఆయన డాక్టరే చెప్పాలి. డబ్బాలో ఏం పడుతుందో, ఎందుకు పడుతుందో నేను చెప్పగలను.

330తోనే మొదలుపెడదాం. అది సిట్రిక్ యాసిడ్. నిమ్మకాయ పులుపు అదే, నిమ్మరసంలో నూటికి ఐదారు పాళ్లు ఉంటుంది. ఫ్యాక్టరీకి వచ్చే తెల్లటి పొడిని నిమ్మకాయల నుంచి తీయరు. చక్కెర మిల్లు మడ్డి లాంటివాటిని ఒక రకం బూజుతో పులియబెట్టి తీస్తారు. చివరికి వచ్చే పదార్థం మాత్రం ఒకటే. మన తోతాపురి గుజ్జులో దాన్ని ఎందుకు వేస్తారంటే, కాయ బాగా మాగేకొద్దీ పులుపు తగ్గి పీహెచ్ 4 దాటి పైకి పోతుంది. 4.6 దాటితే, గాలి చొరబడని డబ్బాలో బొటులినమ్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా పెరిగే వీలుంటుంది. అందుకని కొంచెం సిట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్‌ను 4 దరిదాపుల్లోకి దించి, వేడి చేసి సీలు వేస్తారు. జూన్, జూలైల్లో బంగారుపాళ్యం, దామలచెరువు వైపు నుంచి కాయ లారీలు బారులు తీరినప్పుడు ల్యాబ్‌లో రాత్రీ పగలూ చూసేవి ముఖ్యంగా రెండే: బ్రిక్స్ (అంటే తీపి కొలత) ఎంత, పులుపు ఎంత. ఇలా డబ్బా కట్టిన గుజ్జుకు విడిగా ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. మీ జాబితాలో అన్నిటికంటే ప్రమాదమని రాసిన నంబరు, నిజానికి ఆ డబ్బాను తినడానికి క్షేమంగా ఉంచేది.

ఆ జాబితా కొత్తదేమీ కాదు. 1976 నుంచి ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం తిరిగింది. పారిస్ పక్కన విల్‌జ్విఫ్ అనే ఊళ్లో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి పేరు దాని మీద పెట్టారు. మాకు సంబంధం లేదని ఆ ఆసుపత్రి చెప్పినా జనం కాపీలు తీసి పంచుతూనే పోయారు. అందులోనూ 330కే పెద్దపీట. అప్పట్లో చేతులు మారుతూ పోయిన కాగితమే ఇప్పుడు ఫోన్లు మారుతూ వస్తోంది.

నంబర్ల సంగతి కూడా చెప్పేస్తాను. ఐఎన్ఎస్ అంటే అంతర్జాతీయంగా ఒప్పుకున్న గుర్తింపు సంఖ్య, అంతే. యూరప్‌లో అదే నంబరుకు ముందు ‘ఈ’ అక్షరం తగిలిస్తారు. స్థూలంగా 100లలో ఉండేవి రంగులు. 200లు పాడవకుండా ఉంచేవి. 300లు నూనె కారు వాసన రాకుండా చూసేవి, పులుపును సరిచేసేవి. 400లు చిక్కదనం ఇచ్చేవి, నూనెనూ నీటినీ కలిపి ఉంచేవి. 600లు రుచి పెంచేవి. 950 అటూ ఇటూ తీపినిచ్చేవి. నంబరు ఉంది కాబట్టి విషం కాదు, అలాగని అమృతమూ కాదు. పసుపులోని పచ్చదనం 100. విటమిన్ సి 300. చింతపండులో ఉండే టార్టారిక్ యాసిడ్ 334. మీ వంటింట్లో వంట సోడా 500. 471 పంది కొవ్వు అని ఇంకో మెసేజ్ తిరుగుతుంది. అది మొక్కల నూనెల నుంచీ తీస్తారు, జంతు కొవ్వు నుంచీ తీయవచ్చు. మన దేశంలో దానికి సమాధానం ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క. ఆ గుర్తు ఉంటే పాలు, తేనె లాంటివి తప్ప జంతు సంబంధమైనది వేయకూడదు.

ఇక అసలు విషయం. మనం భయపడేది నంబర్లు అచ్చు వేసిన ప్యాకెట్‌ను చూసి. నా లెక్కలో ముందు చూడాల్సింది ఏ నంబరూ లేని తిండిని. ఎందుకో లెక్క కట్టి చూపిస్తాను, పాప బరువుతోనే.

ఏ రంగుకైనా, ఏ ప్రిజర్వేటివ్‌కైనా రోజుకు ఇంత అని ఒక మోతాదు ఉంటుంది. జంతువులకు తినిపించి, ఎంతవరకు ఏ హానీ కనపడలేదో చూసి, దాన్ని సాధారణంగా 100తో భాగిస్తారు. ఆ వచ్చినంత, జీవితాంతం రోజూ తిన్నా పరవాలేదని అర్థం. అది శరీర బరువును బట్టి ఉంటుంది కాబట్టి పిల్లలకు తక్కువ. ఆరెంజ్ రంగునిచ్చే సన్‌సెట్ ఎల్లో, అంటే 110, కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు. మీ పాప 20 కిలోలు అనుకుంటే రోజుకు 80 మిల్లీగ్రాములు. మన దేశంలో మిఠాయిలో సింథటిక్ రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. రూలు ప్రకారం రంగు వేసిన జిలేబి వంద గ్రాములు తింటే కడుపులోకి పోయేది 10 మిల్లీగ్రాములు. 80 చేరాలంటే ముప్పావు కిలోకు పైగా తినాలి. అంత తింటే రంగు కంటే ముందు చక్కెర సంగతి చూసుకోవాల్సి వస్తుంది.

అన్ని రంగులకూ ఇంత వెసులుబాటు లేదు. స్ట్రాబెర్రీ ఎరుపునిచ్చే పోన్సో 4ఆర్, అంటే 124 విషయంలో యూరప్ నిపుణులు 2009లో ఆ మోతాదును 4 నుంచి 0.7కు తగ్గించారు. అదే పాపకు రోజుకు 14 మిల్లీగ్రాములు. ఎర్రటి మిఠాయి నూట నలభై గ్రాములతో అయిపోతుంది, అదీ కొట్టువాడు రూలు పాటిస్తేనే.

పాటిస్తాడా? పెద్ద కంపెనీలో రంగును త్రాసు మీద తూచి, నీళ్లలో కరిగించి, ఎన్ని లీటర్లకు ఎంత అని రాసుకుని వేస్తారు. వాళ్లు మంచివాళ్లని కాదు, తేడా వస్తే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది కాబట్టి. బండి దగ్గర కొలత చిటికెడు. ఒక చిటికెడు 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. కిలో కేసరిలో అది పడితే అనుమతికి మూడింతలు. పైగా కొట్లో దొరికే కలర్ పొట్లాల్లో కొన్ని ఉప్పు లాంటిది కలిపి పల్చన చేసినవి, కొన్ని చిక్కటివి. ఆ చిటికెడులో అసలు రంగెంతో వేసేవాడికే తెలియదు. రంగు సరిగ్గా రాలేదని ఇంకో చిటికెడు వేస్తాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చాలా ఏళ్ల కిందట నగరంలో రంగు తిళ్ల మీద చేసిన సర్వేలో కొందరు రోజువారీ మోతాదు దాటి తింటున్నారని తేలింది. అందులో నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి చాలామంది హోటల్ వాళ్లకే తెలియదు. సింథటిక్ రంగు ఐస్‌క్రీమ్, బిస్కెట్, కేకు, మిఠాయి, జెల్లీ, కొన్ని పానీయాల్లాంటి వాటికే అనుమతి. చికెన్ 65లో, గోబీ మంచూరియాలో, బజ్జీలో, బిర్యానీలో చిటికెడు కూడా వేయకూడదు. బస్టాండు నుంచి అలిపిరి దాకా సాయంత్రం పూట నడిచి చూడండి, నిప్పురంగు లేని చికెన్ 65 ఎక్కడైనా కనిపిస్తే నాకూ చెప్పండి. మిరపకాయ వేస్తే రంగు రాదా అంటే వస్తుంది. కాశ్మీరీ మిర్చి వేయాలి, దానికి డబ్బులవుతాయి.

ఇవన్నీ అనుమతి ఉన్న రంగుల కథ. అనుమతి లేనివి వేరే. పీచు మిఠాయికి గులాబీ రంగు తెచ్చే రోడమిన్-బి నిజానికి బట్టలకు, కాగితానికి వేసే అద్దకం రంగు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచు మిఠాయి అమ్మకాన్ని నిషేధించింది దీనివల్లే. మార్చిలో కర్ణాటక పీచు మిఠాయిలో, గోబీ మంచూరియాలో రంగుల మీద నిషేధం పెట్టింది. మనకు అటు వేలూరు, ఇటు కోలారు. సరుకూ, వండేవాళ్లూ మూడు రాష్ట్రాల మధ్య తిరుగుతూనే ఉంటారు. మెటానిల్ ఎల్లో ఇంకొకటి, చవక లడ్డూల్లో, బూందీలో, మెరుగు పట్టిన కందిపప్పులో, పసుపులో దొరికిపోతుంటుంది. వీటికి ఇంతవరకు పరవాలేదు అనే మోతాదే లేదు, తిండిలో ఉండనే కూడదు. గంగమ్మ జాతరకు పాపను తీసుకెళ్లినప్పుడు రంగు పీచు మిఠాయి, రంగు షర్బత్ ఈ రెండూ వద్దనండి. తెల్ల పీచు మిఠాయి అయితే ఒకటి కొనివ్వండి, అది ఉత్త చక్కెరే. జాతరలో పిల్ల ఏడుస్తుంటే ఉపన్యాసం ఎవరు వింటారు?

పిల్లల అల్లరికీ రంగులకూ సంబంధం ఉందా అని కూడా అడిగారు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ ఆరు రంగుల్లో కొన్నేసి, సోడియం బెంజోయేట్ కలిపిన జ్యూసు ఇచ్చి చూసి 2007లో ఫలితం ప్రకటించారు. కొందరిలో చపలత్వం కొంచెం పెరిగింది. అందరిలో కాదు, ఏ రంగు వల్లనో కూడా విడదీసి చెప్పలేకపోయారు. అయినా యూరప్ 2010 జూలై నుంచి ఆ ఆరు రంగుల్లో ఏది వాడినా ‘పిల్లల నడవడిక, ఏకాగ్రత మీద చెడు ప్రభావం ఉండవచ్చు’ అని ప్యాకెట్ మీద రాయాలంది. రాయడం ఇష్టం లేక చాలా కంపెనీలు అక్కడ రంగులే మార్చేశాయి. ఆ ఆరింటిలో టార్‌ట్రజీన్ 102, సన్‌సెట్ ఎల్లో 110, కార్మోయిసిన్ 122, పోన్సో 4ఆర్ 124 మన దగ్గర అనుమతి ఉన్నవే. పాపకు మాట వినని జబ్బు రంగుల వల్లే వచ్చిందని నేను చెప్పను. కానీ ఈ నాలుగు నంబర్లు పోషణకు పైసా పనికిరావు, మానేస్తే పోయేదేమీ లేదు. అలాంటప్పుడు మానేయడమే తేలిక. ప్యాకెట్ మీద ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి చాలు, మిగతా జాబితా డిలీట్ చేయండి.

మీ ఆయన ఆయాసం విషయం దీనికంటే గట్టిది. 220 నుంచి 228 వరకు ఉండేవి సల్ఫైట్లు, అంటే గంధకం వాయువు ఇచ్చేవి. ఆయాసం ఉన్నవాళ్లలో కొందరికి ఇవి పడవు, తిన్న కొద్దిసేపటికే ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. అమెరికాలో హోటళ్లు సలాడ్ ఆకులు వాడిపోకుండా వీటిని చల్లేవి. ఆయాసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావడంతో 1986లో పచ్చి కూరగాయల మీద వాడకాన్ని నిషేధించారు. మన దగ్గర ఇవి ఎక్కువగా ఉండేది బంగారు రంగు కిస్‌మిస్‌లో, ఆప్రికాట్‌లో, మామిడి, నిమ్మ స్క్వాష్‌లలో. ఇంట్లో స్క్వాష్ చేసేవాళ్లు కేఎంఎస్ అని వేసే పొడి 224. ద్రాక్ష, నేరేడు లాంటి ముదురు రంగు పండ్లకు అది వేయరు, రంగును విరిచేస్తుంది. అక్కడ బెంజోయేట్ వేస్తారు. ఎరుపు స్క్వాష్‌లో 211, పసుపు స్క్వాష్‌లో 224 కనిపించేది అందుకే. ఆయన తిన్న తర్వాత ఇబ్బంది పడిన రోజుల్లో ఏం తిన్నారో రెండు మూడు వారాలు రాసి పెట్టుకోమనండి. ఒకటే వస్తువు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

సల్ఫైట్ అనగానే చిత్తూరువాడిగా బెల్లం గురించి చెప్పకుండా ఉండలేను. చెరకు రసంలో మురికి తేలడానికి మన వైపు బెండ మొక్కల జిగురు, సున్నపు తేట వేసి కాచేవాళ్లు. అలా చేసిన బెల్లం గోధుమ రంగులోనో, ఇంకా ముదురుగానో వస్తుంది. మార్కెట్‌లో ధర పలికేది తేనె రంగులో మెరిసే దిమ్మకు. నల్లబెల్లం అంటే నాటుసారా కాసేవాళ్లు గుర్తుకొచ్చి అధికారులకూ అనుమానమే. అందుకని పెనం మీద హైడ్రోస్ పడుతుంది. అది సోడియం హైడ్రోసల్ఫైట్, బట్టల రంగు విరవడానికి వాడే మందు. బెల్లంలో వేయడానికి అనుమతి లేదు. విచిత్రం ఏమిటంటే అది వేసిన బెల్లం కొన్నాళ్లు నిలవుంటే మళ్లీ నల్లబడుతుంది, కొన్న రోజు మెరుపే మిగిలేది. రైతును తిట్టి లాభం లేదు, తెల్లటిదానికి ఎక్కువ ఇస్తామన్నది మనమే. గానుగ దగ్గరకెళ్లి చూసి కొనుక్కునే వీలుంటే అంత సుఖం లేదు. లేకపోతే కొట్లో ఉన్నవాటిలో అందవికారంగా ఉన్న దిమ్మ తీసుకోండి. ఓళిగలకు రంగు కొంచెం తగ్గుతుంది, అంతే. ఒకటి మాత్రం మర్చిపోవద్దు: నల్లదైనా తెల్లదైనా మామగారి షుగరుకు బెల్లం చక్కెరే.

మామగారి విషయంలో నేను చూడమనేది ఎవరూ భయపడని నంబర్లను. మొదటిది సోడియం. ఉప్పు తగ్గించారని చెప్పారు, మంచిది. కానీ పొద్దున హోటల్ బోండా, సాయంత్రం బజ్జీ ఉన్నాయా? వంట సోడా ఒక టీస్పూనులో దాదాపు 1200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఆరోగ్య సంస్థలు పెద్దవాళ్లకు రోజుకు 2000 లోపు అంటాయి. బోండా పిండిలో ఉప్పుతో పాటు సోడా కూడా అదే ఖాతాలో పడుతుంది, నాలుకకు మాత్రం తెలియదు. బిస్కెట్, కేకు పొంగడానికి వేసేది కూడా ఎక్కువగా ఇదే.

రెండోది ఫాస్ఫేట్. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఫాస్ఫరస్ బయటికి పోక రక్తంలో నిలిచిపోతుంది, ఎముకలూ రక్తనాళాలూ పాడవుతాయి. స్విమ్స్‌లోనో మరోచోటో కిడ్నీ డాక్టరుకు చూపించేవాళ్లకు పప్పు తగ్గించమని, పాలు తగ్గించమని చీటీ మీద రాసిస్తారు. పప్పుధాన్యాల్లోని ఫాస్ఫరస్ సగం కూడా ఒంటికి పట్టదు, ప్యాకెట్ తిండిలో కలిపిన ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం పడుతుంది. నల్లటి కూల్‌డ్రింకులో 338, ప్రాసెస్డ్ చీజ్‌లో 339, 452, బేకింగ్ పౌడర్‌లో 450, ఫ్రోజెన్ చికెన్ ముక్కల్లో 451. పప్పు మాని కోలా తాగే మనిషిని నేను చూశాను. ఆయన టెస్టు రిపోర్టులో ఫాస్ఫరస్ ఎలా ఉందో డాక్టరును అడిగి, ఎక్కువుంటే ముందు ఈ నంబర్లు తీసేయండి.

మూడోది షుగర్ ఫ్రీ. తీపి మాత్రల్లో ఉండే ఆస్పర్టేమ్, 951, గురించి 2023 జూలైలో పెద్ద గోల జరిగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది’ అనే 2బి గ్రూపులో పెట్టింది. అదే రోజు మోతాదు నిర్ణయించే ఇంకో నిపుణుల కమిటీ, కిలోకు 40 మిల్లీగ్రాములు అన్న పాత మోతాదు మార్చాల్సిన అవసరం లేదంది. రెండూ నిజమే. మొదటి సంస్థ చెప్పేది ఫలానా దానికి హాని చేసే గుణం ఉందా లేదా అనే, ఎంత తింటే అన్నది కాదు. ఆ 2బి గ్రూపులోనే ఆసియా దేశాల సంప్రదాయ ఊరబెట్టిన కూరగాయలూ, కలబంద మొత్తం ఆకు సారమూ ఉన్నాయి. 60 కిలోల మనిషికి 2400 మిల్లీగ్రాములు, కాఫీలో ఒకటి రెండు మాత్రలు దాని దరిదాపుల్లోకి కూడా పోవు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలు వాడొద్దని చెప్పింది, కానీ ఇప్పటికే షుగరు ఉన్నవాళ్లను ఆ సలహా నుంచి మినహాయించింది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇది అసలు పనికిరాదు, ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉంటుంది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది షుగర్ ఫ్రీ మిఠాయి. చక్కెర బదులు మాల్టిటాల్ 965, సార్బిటాల్ 420 వేస్తారు, నాలుగు ముక్కలు తింటే కడుపు ఉబ్బి విరేచనాలు. నెయ్యి, మైదా, శెనగపిండి మామూలే. షుగరు పెరగదని రెండింతలు తింటారు.

మిగతావి త్వరగా చెబుతాను. అజినమోటో, మన వైపు టేస్టింగ్ సాల్ట్, 621. అమెరికాలో 1968లో ఒక డాక్టరు వైద్య పత్రికకు రాసిన ఉత్తరంతో దాని చెడ్డపేరు మొదలైంది. తర్వాత ఎవరేది తింటున్నారో తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో ఆ తలనొప్పులు నిలకడగా రాలేదు. పండిన టమాటాలో సహజంగా ఉండే గ్లూటమేట్, ఇందులోది ఒకటే. ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు, పెద్దవాళ్లలో కొందరికి ఎక్కువ తింటే పడకపోవచ్చు. అది వేసిన నూడుల్స్‌లో ఉప్పు, నూనె నాకు ఎక్కువ బాధ. 627, 631 కూడా రుచికే, యూరిక్ యాసిడ్ నొప్పులున్నవాళ్లు తగ్గించాలి.

బెంజోయేట్ 211 పులుపు ఉన్నచోటే పనిచేస్తుంది, అందుకే పచ్చళ్లు, సాసులు, కూల్‌డ్రింకుల్లో కనిపిస్తుంది. అదీ విటమిన్ సి 300 కలిసి ఉన్న సీసా ఎండలో, వేడిలో ఎక్కువ రోజులుంటే అతి కొద్దిగా బెంజీన్ పుట్టే వీలుంది. మే నెలలో కొట్టు బయట ఎండలో పేర్చిన సీసాలు కొనకండి, ఫ్రిజ్‌లోనివి తీసుకోండి అనేది దానికే. అట్టపెట్టెలో వచ్చే మామిడి జ్యూసులో ప్రిజర్వేటివ్ లేదని రాస్తే నమ్మొచ్చు. దాన్ని బాగా వేడి చేసి, క్రిములు లేని పెట్టెలో నింపుతారు. కానీ అలాంటి పానీయంలో పండు పది శాతం ఉన్నా చట్టానికి సరిపోతుంది, మిగతాది నీళ్లూ చక్కెరా.

బ్రెడ్‌లో పొటాషియం బ్రోమేట్‌ను 2016లోనే మన దేశంలో ఆపేశారు. ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన బేకరీ నమూనాల్లో 84 శాతంలో బ్రోమేటో, అయోడేటో కనిపించాక వచ్చిన నిర్ణయం అది. తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్ 171ను యూరప్ 2022లో తిండిలో నిషేధించింది, చూయింగ్ గమ్‌ల మీద ఆ నంబరు చూసుకోండి. ఐస్‌క్రీమ్‌లోని 466, 433 లాంటి ఎమల్సిఫయర్లు, అంటే నూనెనూ నీటినీ కలిపి ఉంచేవి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను మారుస్తున్నాయని ఎలుకల మీద 2015లో తేలింది. తర్వాత మనుషుల మీద చేసిన పరీక్ష చిన్నది, పదహారు మందితో చేసింది. దీని మీద ఇంకా వస్తుంది, ఇప్పటికి నేను వారానికో ఐస్‌క్రీమ్ మానమని చెప్పను. సాసేజీ, సలామీల్లో నైట్రైట్ 250 విషయంలో మాత్రం సందేహం పెట్టుకోవద్దు, పిల్లలకు అలవాటు చేయకండి. అలాంటి మాంసాన్ని 2015లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టారు. చిప్స్ నూనెలోని 319 గురించి అడిగారు. నూనె కారు వాసన రాకుండా కిలోకు 200 మిల్లీగ్రాములలోపు వేస్తారు. ఆ ప్యాకెట్ కంటే, పొద్దుటి నుంచి మరుగుతూ నల్లబడిన బజ్జీల మూకుడు పక్కన నిలబడితే నాకు ఎక్కువ భయం.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి, ఆహార భద్రతా సంస్థ వాళ్లే చెప్పినవి. గ్లాసు నీళ్ల మీద కారం చల్లితే రంగు చారలుగా కిందికి జారిందంటే కృత్రిమ రంగు కలిసినట్టు. పసుపు చెంచాడు నీళ్లలో వేస్తే మంచిది లేత పసుపు రంగు వదులుతూ అడుగుకు చేరుతుంది, కల్తీది నీళ్లంతా చిక్కటి పసుపు చేస్తుంది. పచ్చ బఠాణీలు అరగంట నీళ్లలో నానబెట్టి నీటి రంగు చూడండి. ఇవి అనుమానం కోసమే, ఋజువు కోసం కాదు. ఋజువు కావాలంటే 2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 ప్రకారం కొనుక్కున్న మనిషి కూడా ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ అని తేలితే ఆ ఫీజు వెనక్కి ఇస్తారు. దీన్ని వాడుకునేవాళ్లను చాలా అరుదుగా చూశాను. కొన్న బిల్లు, మిగిలిన సరుకు పారేయకుండా ఉంచుకోవాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు.

ఇక కేకు. తప్పకుండా చేయించండి. బేకరీవాడిని నంబర్లు అడగకండి, అతనికి క్రీమ్ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు గానీ అందులో ఏముందో తెలియదు. మూడే చెప్పండి: క్రీమ్ తెల్లగానే ఉండాలి, రెడ్ వెల్వెట్ వద్దు, పైన రంగు పూసలూ చెర్రీలూ వద్దు. మన బేకరీల్లో ఆ చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు, వాక్కాయను పాకంలో ఊరబెట్టి ఎర్ర రంగు పట్టించినది. ఆ ఎరుపు ఎక్కువగా ఎరిత్రోసిన్, 127. మగ ఎలుకల్లో థైరాయిడ్ గడ్డలు వచ్చాయన్న కారణంతో 2025 జనవరిలో అమెరికా దాన్ని తిండిలో వాడకుండా ఆపేయాలని నిర్ణయించింది. టూటీ ఫ్రూటీ కూడా రంగు పట్టిన పచ్చి బొప్పాయే. పాపకు గులాబీ రంగు కేకే కావాలంటే బీట్‌రూట్ రసం ఒక గిన్నెలో ఇచ్చి క్రీమ్‌లో కలపమనండి, కొంచెం లేతగా వస్తుంది గానీ పిల్లలు గొడవ చేయరు. పైన దానిమ్మ గింజలు వేయమంటే చాలు. ఇదంతా ముందు రోజు సాయంత్రమే చెప్పండి. పుట్టినరోజు పొద్దున చెబితే ఆ రోజుకు కావాల్సిన క్రీమ్ మొత్తం అప్పటికే రంగు కలిపి పెట్టుకుని ఉంటారు.